దొరగారి ఊరు వెతుక్కుంటూ

మన సంస్థలో కొంతకాలంగా పనిచేస్తున్నవారికి ‘దొరగారు’ అంటే ఎవరో చెప్పనక్కరలేదు. టర్బైన్ల కూర్పు విభాగంలో ఫోర్‌మన్‌గా ఉండి పదవీ విరమణ చేసిన ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి ఆయన. మేము శిక్షణార్థులుగా చేరిన రోజులలో ఫీలర్ గేజి పట్టుకోవడం మొదలు షాఫ్టు అలైన్‌మెంటు వరకు దగ్గరుండి నేర్పినవారు ఆయనే. మనిషి తెల్లగా, పొడుగ్గా ఉండేవారు కనుక ఖలాసీలు మొదట పెట్టిన ఆ పేరు క్రమంగా జనరల్ మేనేజరు గది దాకా పాకింది. ఆయన దానికి ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు. లోలోపల కొంత ఇష్టమే అయి ఉంటుందని మా ఊహ.

ఎందుకంటే, వారి ఇంట ఒక కథ తరతరాలుగా నడుస్తూ వచ్చింది. ఆయన తాతకు తాత ఐర్లాండు నుంచి కంపెనీ సైన్యంలో సిపాయిగా వచ్చారట. అక్కడ వారికి ఒక కోట, గుర్రపుశాల ఉండేవట. అన్నదమ్ముల పంపకాలలో పేచీ వచ్చి చిన్నవాడైన ఈయన అలిగి ఓడ ఎక్కారట. కోట పేరేమిటని అడిగితే మాత్రం ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పేవారు. తోబుట్టువులందరూ ఆస్ట్రేలియాకు వలసపోగా దొరగారొక్కరే సికింద్రాబాదులో మిగిలారు. డెబ్బయ్యోపడి దాటిన తరువాత ఒకనాటి సాయంత్రం పాత బిస్కట్ల రేకు డబ్బా ఒకటి మా ముందు పెట్టి, “బాబూ, నువ్వు డ్రాయింగులు చదవగలవు కదా, ఇవి కూడా చదివి పెట్టు” అన్నారు.

డబ్బాలో పనికివచ్చే కాగితాలు రెండే ఉన్నాయి. ఒకటి సైన్యం నుంచి విడుదల చేస్తూ ఇచ్చిన పత్రం. జన్మస్థలం ‘కిల్‌మర్రీ, క్లేర్ కౌంటీ’ అని అందులో ఉన్నది. రెండవది సికింద్రాబాదు కథోలిక గుడి రిజిస్టరు నుంచి తీసిన వివాహపు నకలు. మొదటి కాగితం వెంట పడి మేము ఐర్లాండు వరకు వెళ్లాము. రెండవ కాగితం సంగతి చివరకు చెబుతాము. అప్పటికి మేము కూడా దానిని సరిగా చూడలేదు.

ఇదంతా పాస్‌పోర్టు కోసమా అని టౌన్‌షిప్‌లో కొందరు అడిగారు. కాదు. తాతగాని, నాయనమ్మగాని, అమ్మమ్మగాని ఐర్లాండు గడ్డపై పుట్టి ఉంటే ఆ దేశపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకొనే వీలున్నది. తాతకు తాత పుట్టినందువల్ల ఏమీ ఒరగదు. దొరగారికి కావలసింది ఒక ఊరు, ఒక పేరు, అంతే.

ఐరిష్ కథోలికుల పూర్వీకులను వెతికేవారు తప్పనిసరిగా చర్చి రిజిస్టర్లనే ఎందుకు ఆశ్రయించవలసి వస్తుందో ముందు చెప్పాలి. ఐర్లాండులో జననమరణాలను, కథోలికుల వివాహాలను ప్రభుత్వం నమోదు చేయడం మొదలుపెట్టింది 1864 జనవరి 1 నుంచి. అంతకు ముందటి జనాభా లెక్కలు ఉంటే కొంత ఆధారం దొరికేది. కానీ 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు లెక్కల పుస్తకాలు డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న ప్రభుత్వ దస్తావేజుల భవనంలో ఉండేవి. అంతర్యుద్ధం మొదలైన రోజులలో, 1922 జూన్ 30న, ఆ భవనం పేలుడులో, మంటలలో నాశనమైంది. కాలిన కాగితపు తునకలు గాలికి ఎగిరి మైళ్ల దూరాన సముద్రపు ఒడ్డున ఉన్న హౌత్ దాకా వెళ్లి పడ్డాయట. 1861, 1871 లెక్కల పత్రాలను అంతకు ముందే ప్రభుత్వం తానే ధ్వంసం చేయించింది. 1881, 1891 నాటివి మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితం కొరతకు గుజ్జు కింద పోయాయి. పూర్తిగా మిగిలినవి 1901, 1911 లెక్కలే. పాత రికార్డులను ‘వీడ్ అవుట్’ చేయండని మనకు సర్క్యులరు వచ్చినప్పుడల్లా ఇకమీదట మాకు ఈ కథ గుర్తుకు వస్తుంది.

ఆ మంటలలో ప్రొటెస్టెంటు శాఖకు చెందిన ఐర్లాండు చర్చి రిజిస్టర్లు కూడా సగానికి పైగా పోయాయి. ఆ చర్చికి చాలాకాలం రాజగౌరవం ఉండేది కనుక వాటిని భద్రత కోసం రాజధానికి తరలించారు. కథోలికుల రిజిస్టర్లను భద్రపరచాలని ఎవరికీ తోచలేదు. ఊళ్లలోనే గురువుల ఇళ్లలో, గుడి బీరువాలలో చెదలకు, చెమ్మకు వదిలేశారు. అందువల్లనే అవి బతికాయి.

మన తెలుగు కథోలికులు ‘విచారణ’ అని పిలిచే పారిష్ ఒక్కొక్కదానికి ఒక్కొక్క రిజిస్టరు ఉంటుంది. జ్ఞానస్నానాలు, వివాహాలు అందులో ఎక్కిస్తారు. చావుల పద్దులు చాలాచోట్ల ఉండవు. కథోలికులపై నిర్బంధ చట్టాలున్న కాలంలో గుడి కట్టుకోవడమే కష్టం కనుక పుస్తకాలు కూడా ఆలస్యంగా మొదలయ్యాయి. తూర్పు పట్టణాలలో కొన్ని పద్దెనిమిదవ శతాబ్దం నుంచే ఉన్నాయి. పడమటి బీద సీమలలో చాలావరకు 1820ల తరువాతవే. 1880 వరకు ఉన్న పుటలను ఐర్లాండు జాతీయ గ్రంథాలయం గత శతాబ్దం మధ్యకాలంలో మైక్రోఫిల్ముపై ఎక్కించింది. 2015 జులైలో ఆ ఛాయాచిత్రాలు 3,70,000కు పైగా ఇంటర్నెట్‌లో పెట్టింది. వెయ్యికి పైగా పారిష్‌ల పుస్తకాలను రుసుము లేకుండా ఎవరైనా ఎక్కడినుంచైనా చూడవచ్చు.

కనుక మా పరిశోధన ఐర్లాండులో కాక సికింద్రాబాదులో, దొరగారి భోజనాల బల్లపై, మా అమ్మాయి వదిలిపోయిన కంప్యూటరుతో మొదలైంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం భూతద్దం పట్టుకుని కూర్చునేవారము. పద్దులు కొన్ని లాటిన్‌లో, కొన్ని ఇంగ్లీషులో ఉంటాయి. జేమ్స్ అనే పిల్లవాడు ‘జాకోబుస్’ అవుతాడు, విలియం ‘గులియెల్ముస్’ అవుతాడు. ఇంటిపేర్ల ముందుండే ‘ఓ’, ‘మాక్’ ఒక పుటలో ఉంటాయి, మరుసటి పుటలో మాయమవుతాయి. ఒకే కుటుంబాన్ని ఒకే గురువు మూడు రకాలుగా రాసిన చోట్లు ఉన్నాయి. సిరా పాకింది, ఫిల్ము మసకబారింది. బ్లూ ప్రింటు మడత మీద పడిన కొలతను ఊహించి చదవడం అలవాటైన కళ్లకు కూడా ఇది కఠిన పరీక్షే.

అయితే ఈ పద్దులలో ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. పిల్లవాడి పేరు, తండ్రి పేరుతో పాటు తల్లి పేరును ఆమె పుట్టింటి ఇంటిపేరుతో సహా రాస్తారు. ఇద్దరు జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు రాస్తారు. వారు తరచుగా పినతండ్రో, మేనమామో, మేనత్తో అయి ఉంటారు. ఐరిష్ కుటుంబాలలో మొదటి కొడుక్కు తండ్రి తండ్రి పేరు, రెండవ కొడుక్కు తల్లి తండ్రి పేరు, మొదటి కూతురికి తల్లి తల్లి పేరు పెట్టే ఆనవాయితీ ఉండేది. మనకు తెలిసిన ఆచారమే కనుక చదువుతుంటే ఎక్కడో కృష్ణా జిల్లా కుటుంబాన్ని చూస్తున్నట్లే ఉండేది.

వివాహపు పద్దులలో ఇంకొక వింత కనిపించింది. కొన్నింటి పక్కన ‘మూడవ అంతరం’, ‘నాల్గవ అంతరం’ అని లాటిన్‌లో చిన్న అక్షరాలతో ఉన్నది. వధూవరులు రక్తసంబంధీకులైతే ఆనాటి చర్చి నియమం ప్రకారం నాల్గవ అంతరం వరకు, అంటే ముత్తాత తండ్రి ఒక్కడే అయినవారి వరకు, ప్రత్యేక అనుమతి లేనిదే పెళ్లి చేయరాదు. అనుమతి ఇచ్చినట్లుగా గురువు ఆ గుర్తు వేస్తాడు. మా శ్రీమతికి ఈ సంగతి చెబితే, “మనకు ఆ లెక్క పెడితే మా అక్కకు, మీ చెల్లికి, మనకు కూడా పుస్తకంలో చోటు చాలదు” అన్నది. మాది మేనరికం. వారి లెక్కలో రెండవ అంతరం అవుతుంది. వంశవృక్షం గీసేవారికి మాత్రం ఆ చిన్న గుర్తు పెద్ద నిధి. వధూవరుల ఇద్దరి వెనుక ఉన్న తరాలను అది ఒకచోట ముడివేస్తుంది.

మా పొరపాటు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నాలుగు నెలలు శ్రమించి కిల్‌మర్రీ రిజిస్టరులో దొరగారి ఇంటిపేరు, సిపాయి పేరు, సరిపోయే సంవత్సరం అన్నీ కుదిరిన పద్దు పట్టుకున్నాము. ఆ సాయంత్రం దొరగారు కేకు తెప్పించారు, మేము మైసూరుపాకు పట్టుకెళ్లాము. తరువాత లండను బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న కంపెనీ భర్తీ పట్టిక వివరం మాకు చేరింది. అందులో 1855లో చేరిక, వయస్సు 20, వృత్తి కూలి, ఊరు మిల్‌టౌన్ మాల్బే దగ్గర కిల్‌మర్రీ అని ఉన్నది. మేము చదివింది దక్షిణాన షానన్ నది వైపు ఉన్న కిల్‌మర్రీ మక్‌మాన్ రిజిస్టరు. మిల్‌టౌన్ మాల్బే పడమటి సముద్రతీరాన ఉన్నది. అక్కడిది కిల్‌మర్రీ ఇబ్రికేన్. తూర్పున సిక్స్‌మైల్‌బ్రిడ్జ్ దగ్గర మూడవ కిల్‌మర్రీ ఉన్నది. ఐరిష్ భాషలో ‘కిల్ మర్రీ’ అంటే మరియమాత గుడి. మన దేశంలో ‘రామాపురం’ అని చిరునామా రాసి ఉత్తరం పోస్టులో వేస్తే ఏమవుతుందో మాకు అదే అయింది. డ్రాయింగు నంబరు సరిచూడకుండా పనిలోకి దిగరాదని మాకు నేర్పిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉండగా మేము చేసిన తప్పు ఇది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. “కేకు బాగుంది కదా” అన్నారు.

అప్పుడే నిశ్చయించుకున్నాము, వెళ్లి చూడవలసిందేనని. ఎల్.టి.సి. నియమాలు క్లేర్ కౌంటీ దాకా సాగవు కనుక సొంత ఖర్చుతో, ఒక మే నెలాఖరులో, దొరగారు, మా శ్రీమతి, మేము ముగ్గురం డబ్లిన్‌లో దిగాము.

డబ్లిన్ గురించి ఎక్కువ రాయము. ఫోర్ కోర్ట్స్ గుమ్మటాన్ని లిఫీ నది అవతలి గట్టు నుంచి చూశాము. కిల్డేర్ వీధిలోని జాతీయ గ్రంథాలయంలో గుండ్రని పఠన మందిరం చూశాము. మాకు ఎక్కువ ఉపకరించినవి పన్ను మదింపు పుస్తకాలు. రిచర్డ్ గ్రిఫిత్ అనే ఆయన, వృత్తిరీత్యా ఇంజనీరు, భూగర్భ శాస్త్రవేత్త, 1847 నుంచి 1864 వరకు దేశమంతటా ప్రతి ఇంటిని, ప్రతి చెలకను మదింపు చేయించి అచ్చు వేయించారు. మన కరణాల కాలపు అడంగలు వంటిదే. అనుభవదారు ఎవరు, భూస్వామి ఎవరు, విస్తీర్ణం ఎంత, విలువ ఎంత అన్నీ అందులో ఉంటాయి. జనాభా లెక్కలు కాలిపోయిన దేశంలో అదే పెద్ద దిక్కు అయింది. దానికి ఆధారమైన పటాలు ఆర్డ్‌నన్స్ సర్వే వారు మైలుకు 6 అంగుళాల కొలతలో తయారుచేసినవి. ఆ సర్వేలో కర్నల్ కోల్బీ వాడిన పరిహారక కొలత కడ్డీలను 1829లో ఐర్లాండు వెళ్లి పరిశీలించి మన దేశానికి తెచ్చినవారు జార్జ్ ఎవరెస్టు. ఇనుము, ఇత్తడి కడ్డీలను జతచేసి, వేడికి రెండూ వేరువేరుగా సాగినా చివరి గుర్తుల మధ్య దూరం మారకుండా చేసిన ఆ ఉపాయాన్ని గురించి దొరగారు, మేము దాదాపు గంటసేపు మాట్లాడుకున్నాము. మా శ్రీమతి ఆ గంటలో బజారు చూసి వచ్చింది.

క్లేర్ కౌంటీ మదింపు 1855లో అచ్చయింది. సిపాయి ఓడ ఎక్కిన సంవత్సరమే. సరైన కిల్‌మర్రీలో దొరగారి ఇంటిపేరుతో ఒకే ఒక పద్దు ఉన్నది. దొరగారు కళ్లజోడు తుడుచుకుని తానే చదివారు. భూమి లేదు. ఇల్లు మాత్రమే. ఏడాది విలువ 5 షిల్లింగులు. పక్క గడిలో భూస్వామి పేరు ఉన్నది. ఆ పుటలో 5 షిల్లింగుల కంటే తక్కువ విలువ గలది మరొకటి మాకు కనిపించలేదు.

ఆయన చాలాసేపు ఆ గడిపై వేలు పెట్టి ఉంచారు. “బాబూ, ఇందులో దొర వేరే ఉన్నాడు. మావాడు కూలివాడు” అన్నారు చివరకు. తరువాత నవ్వారు. ఆ నవ్వు షాపు ఫ్లోరులో మేము ఎరిగినదే, రోటరు బాలెన్సు మొదటిసారి కుదరనప్పుడు నవ్వేది.

అచ్చయిన మదింపు తరువాత అనుభవదారు మారినప్పుడల్లా పేరు కొట్టివేసి రంగు సిరాతో కొత్త పేరు రాసిన చేతిరాత పుస్తకాలు కూడా డబ్లిన్‌లో భద్రపరచి ఉన్నాయి. వాటిని చూపించిన ఉద్యోగి ఎంతో ఓపికమంతుడు. కొన్ని సంవత్సరాలకే ఆ ఇంటి పద్దు కొట్టివేసి ఉన్నది. పక్కన ఒకే మాట, ‘పడిపోయినది’.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషను నుంచి రైలులో లిమరిక్ మీదుగా క్లేర్ ముఖ్యపట్టణం ఎన్నిస్‌కు చేరాము. ఐర్లాండు రైలుమార్గపు వెడల్పు 1600 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజి 1676. ప్రపంచమంతా 1435 అంటుంటే తమ దారి తమదేనన్న దేశాలలో మనం ఒంటరివాళ్లం కాదు. ఎన్నిస్ నుంచి సముద్రపు వైపు ఒకప్పుడు మూడడుగుల చిన్న రైలు నడిచేది. అది 1961లో ఆగిపోయింది. మేము బస్సు పట్టుకున్నాము.

మిల్‌టౌన్ మాల్బే దాటి క్విల్టీ వైపు వెళ్లే దారిలో నేల ఎంత పచ్చగా ఉన్నదో అంత పలచగా ఉన్నది. చెట్లు తక్కువ. ఉన్నవి కూడా అట్లాంటిక్ గాలికి ఒక పక్కకే వంగి పెరిగాయి. సిమెంటు, మట్టి లేకుండా రాతిపై రాయి పేర్చిన గట్లు కొండల దాకా గీతలు గీసినట్లు ఉంటాయి. క్విల్టీ గుడికి పాతకాలపు ఐరిష్ పద్ధతిలో గుండ్రని శిఖరం ఉన్నది. 1907లో ‘లియోన్ 13’ అనే ఫ్రెంచి ఓడ తుఫానులో అక్కడి రాళ్లకు తగిలినప్పుడు ఊరి జాలరులు చిన్న పడవలపై ప్రాణాలకు తెగించి నావికులను కాపాడారట. ఆ సంఘటన తరువాత వచ్చిన విరాళాలతో లేచిన గుడి అది.

పారిష్ గురువు మమ్మల్ని వంటగదిలోనే కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఛాయాచిత్రంలో మసకబారిన పుటలను ఆయన సహాయంతో పోల్చుకున్నాము. ఆ రిజిస్టరు 1830ల చివర మొదలవుతుంది. మన సిపాయి 1835 ప్రాంతంలో పుట్టినవాడు. అంటే పుస్తకం తెరవడానికి మూడు నాలుగేళ్ల ముందే ఆయన పుట్టుక జరిగిపోయింది. ఎంత వెతికినా ఆయన జ్ఞానస్నానం దొరికే వీలులేదు. కానీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ముగ్గురు దొరికారు. అదే తండ్రి, అదే టౌన్‌లాండ్. ముగ్గురి పద్దులలోను తల్లి పేరు, ఆమె పుట్టింటి పేరు స్పష్టంగా ఉన్నాయి. చివరి పిల్ల పద్దు 1846 నాటిది. ఆ తరువాత ఆ కుటుంబం పుస్తకంలో లేదు.

1845లో బంగాళాదుంప తెగులుతో మొదలైన కరువు 1852 దాకా సాగింది. దేశంలో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు, అంతకు మించి దేశం విడిచారు. క్లేర్ కౌంటీ జనాభా 1841లో 2,86,000 ఉండగా 1851కి 2,12,000 అయింది. అక్కడికి దక్షిణాన కిల్‌రష్ ప్రాంతంలో శిస్తు కట్టలేని కుటుంబాలను వేల సంఖ్యలో వెళ్లగొట్టి ఇళ్లు కూలగొట్టారు. ఈ అంకెలు మేము వెళ్లే ముందే చదివి ఉన్నాము. రిజిస్టరులో అవి మరోవిధంగా కనబడతాయి. ముందు సంవత్సరాలలో పుట నిండా కిక్కిరిసి ఉండే జ్ఞానస్నానాలు 1847 తరువాత పలచబడతాయి, పెళ్లిళ్లు ఇంకా తగ్గుతాయి. గురువు చేతిరాత మాత్రం మారదు. ఎవరు పోయారో ఆ పుస్తకం చెప్పదు, మరణాలు రాసే అలవాటు లేదు కదా.

మూడవనాడు టౌన్‌లాండ్‌కు నడిచి వెళ్లాము. పేరులో ‘టౌన్’ ఉన్నదే కాని అది పట్టణం కాదు, మన శివారు పల్లె పొలిమేర వంటి చిన్న విభాగం. దేశంలో ఇటువంటివి 60,000కు పైగా ఉన్నాయి. పాత పటం ఆధారంగా ఇల్లు ఉండవలసిన మూలకు చేరితే అక్కడ మోకాలెత్తు రాళ్ల వరుస, దానిలో దురదగొండి వంటి ముళ్ల ఆకు మొక్క దట్టంగా పెరిగి ఉన్నాయి. ఆవులను తోలుకుపోతున్న ఒక రైతు ఆగి, మేమెవరమో కనుక్కుని, దొరగారి ఇంటిపేరు వినగానే, “ఇంతకాలం ఎక్కడికి పోయారు?” అన్నాడు, నిన్నమొన్న సంతకు వెళ్లి ఆలస్యంగా వచ్చినవారిని అడిగినట్లు. ఆ ఇంటిపేరువారు ఇప్పుడు ఆ టౌన్‌లాండ్‌లో ఎవరూ లేరట. తల్లి పుట్టింటి ఇంటిపేరువారు మాత్రం కొండకు అవతలి వైపు రెండిళ్లు ఉన్నారని చెప్పాడు. ఆ మధ్యాహ్నం అక్కడ కూడా టీ తాగాము. బంధుత్వం తేలలేదు. వారూ తేల్చమని పట్టుబట్టలేదు. వెళ్లేటప్పుడు ఇంటావిడ దొరగారికి తమ పెరటి బంగాళాదుంపలు ఒక సంచిలో పోసి ఇచ్చింది. వాటిని హోటలు గదిలో ఏం చేయాలో తెలియక మా శ్రీమతి చాలా అవస్థ పడింది.

తిరుగు ప్రయాణంలో లిమరిక్ దగ్గర ఆర్డ్‌నక్రూషా చూడకుండా రావడానికి మా ఇద్దరి మనస్సూ ఒప్పలేదు. షానన్ నదిని కాలువలోకి మళ్లించి, సుమారు 28 మీటర్ల ఎత్తు నుంచి నీటిని దించి విద్యుత్తు తీసే కేంద్రం అది. 1925లో జర్మనీ సీమెన్స్ వారితో పని మొదలుపెట్టించి 1929లో ప్రారంభించారు. స్వతంత్రం వచ్చి మూడేళ్లయిన చిన్న దేశం అంత ఖర్చు నెత్తిన పెట్టుకోవడం దుస్సాహసమని ఆనాడు చాలామంది అన్నారు. దానిని నడపడానికి 1927లో ఏర్పాటు చేసిన విద్యుత్ బోర్డు మన వంటి ప్రభుత్వ రంగ సంస్థే. మూడు ఫ్రాన్సిస్ టర్బైన్లు, తరువాత చేర్చిన ఒక కాప్లాన్ టర్బైను, అన్నీ కలిపి సుమారు 86 మెగావాట్లు. ఇప్పుడు అది లెక్కలోకి రాని అంకె. కట్టినప్పుడు దేశమంతటికీ చాలినంత. ఈ కేంద్రం కూడా క్లేర్ కౌంటీలోనిదే. “మావాళ్లకు కోట లేకపోతేనేం, ఇది ఉంది” అన్నారు దొరగారు.

హైదరాబాదుకు తిరిగి వచ్చాక వంశవృక్షాన్ని ఏ1 సైజు ట్రేసింగు కాగితంపై గీయాలని కూర్చున్నాము. ఐర్లాండు వైపు గడులు చక్కగా నిండాయి. సిపాయి, తండ్రి, తల్లి, తల్లి ఇంటిపేరు, ముగ్గురు తోబుట్టువులు, ఆరుగురు జ్ఞాన తల్లిదండ్రులు. అటు తరువాత సిపాయి భార్య గడి నింపడానికి డబ్బాలోని రెండవ కాగితం తీశాము.

వరుని పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, దళం పేరు ఉన్నాయి. వధువు చోట ‘మరియ, దేశీయ క్రైస్తవురాలు’. అంతే. తండ్రి పేరు లేదు. ఇంటిపేరు లేదు. ఊరు లేదు. మరియ అన్నది జ్ఞానస్నానంలో పెట్టిన పేరు. అంతకు ముందు ఆమెను తల్లి ఏమని పిలిచేదో ఏ కాగితంలోనూ లేదు. ఇటువంటి వివాహాల పద్దులు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి లండనుకు పంపిన నకళ్లలో కూడా చాలావరకు ఇట్లాగే ఉంటాయి. కరువు రోజులలో భూమి లేని కూలి భార్యకు పుట్టింటి పేరు రాసిన చర్చియే ఇక్కడ మన ఆడపిల్లకు రాయలేదు. సికింద్రాబాదులో సెయింట్ మేరీస్ గుడిని 1850 నాటికి కట్టించిన డేనియల్ మర్ఫీ గారు కూడా ఐర్లాండులోని కార్క్ సీమ నుంచి వచ్చిన గురువే. ఆ దేశపు పద్ధతి తెలియక కాదు.

దొరగారు ఆ కాగితాన్ని నలభై ఏళ్లుగా దాచుకున్నారు. మేము కూడా వరుని వైపే చదివి మడిచి పెట్టాము.

ఆయన ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడేవారు. అయినా పిల్లలు అన్నం తినక మారాం చేస్తే వారి నాయనమ్మ ఉప్పు, ఎండు మిరపకాయలు గుప్పిట పట్టి మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేవారట. దానిని ఇంగ్లీషు వాక్యం మధ్యలో కూడా ‘దిష్టి’ అనే అనేవారట. ఆమెకు ఆమె అత్తగారు నేర్పారు, ఆ అత్తగారికి వారి అత్తగారు. లెక్క వేస్తే ఆ చివరి మనిషి మరియ అవుతుంది. మా శ్రీమతి ఇది విని, “అయితే ఆమె మనవైపు మనిషే” అన్నది. కావచ్చు. ఒక్క మాట ఆధారంగా డ్రాయింగులో గీత గీయలేమని మేము అన్నాము. దొరగారు ఏమీ అనలేదు.

ట్రేసింగు కాగితంపై ఆ గడిని చుక్కల గీతతో వదిలాము. వచ్చే ఆదివారం ప్రార్థన ముగిశాక ముగ్గురం గుడి కార్యాలయానికి వెళుతున్నాము. అక్కడ జ్ఞానస్నానాల పాత పుస్తకాలలో పెద్దవయస్సులో స్నానం పొందినవారి పద్దులు ఏవైనా ఉన్నాయేమో చూడాలి. పెళ్లికి ఏడాది రెండేళ్ల ముందు నుంచి మొదలుపెడతాము. భూతద్దం తెమ్మని దొరగారు ఈ ఉదయమే ఫోను చేసి గుర్తుచేశారు.